నా మంచాన్ని జరిపిన దేవుడు

నేను చావును అడుక్కున్నాను, సహోదరులారా. ప్రభువు నామంలో నిలబడి, కాదు, ఈ చక్రాల కుర్చీలో కూర్చుని మీ ముందు మొదట చెప్పాల్సింది ఆ మాటే. ఆరోగ్యం కోసం ఏడ్చేవాళ్ళు ఉంటారు, పిల్లల కోసం ఉపవాసముండేవాళ్ళు ఉంటారు, నేను మాత్రం పొద్దున కళ్ళు తెరవగానే గోడవైపు చూసి, “మల్ల ఎందుకు లేపినవ్ తండ్రీ? ఇగ నాతోని నీకేం పనున్నది? నన్ను కొండవోరాదా?” అని ప్రార్థించేదాన్ని. ఆ ప్రార్థన ఆయన నెరవేర్చలేదు. నెరవేర్చకపోవడం ఎంత పెద్ద కార్యమో చెప్పడానికే అయ్యగారిని బతిమాలి ఈ ఆదివారం మందిరానికి వచ్చాను.

కొత్తవాళ్ళకు నేను తెలియను. నా పేరు రాహేలు. మా ఆయన బల్లార్‌పూర్ వైపు బొగ్గుబాయిలో దిగి పనిచేసినన్నాళ్ళూ, ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిన తర్వాత కూడా, నేను కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టాను. మరాఠీవాళ్ళు, మనవాళ్ళు, బీహారు నుంచి వచ్చినవాళ్ళు, అందరూ నా మిషను పక్కన కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు, నేను ఎవరి భాషలో వాళ్ళకు జవాబిచ్చేదాన్ని, నా నోరు ఊరుకునేది కాదు! అలాంటిది పోయినేడు వానాకాలంలో ఒకరోజు మిషను తొక్కుతుండగా ఎడమ కాలు నాది కానట్టు అయిపోయింది, బట్ట జారిపోతుంటే పట్టుకుందామని చూస్తే ఎడమ చెయ్యీ రాలేదు, నేనూ బట్టా కలిసి కింద పడిపోయాం. పక్షవాతం అన్నారు.

నాకు ఒక్కతే బిడ్డ, సుగుణ. అల్లుడిది ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, వాళ్ళ క్వార్టరు పై అంతస్తులో. సుగుణ నన్ను తీసుకెళ్ళి పసిపిల్లలా చూసుకుంది, ఎత్తింది, దించింది, స్నానం చేయించింది, అలా ఎత్తీ ఎత్తీ దాని నడుమే పోయింది, ఆపరేషను చేయాల్సి వచ్చింది. ఇద్దరం పక్కపక్క మంచాల మీద పడి ఉంటే అల్లుడు డ్యూటీకి వెళ్ళలేడు, వంట చేయలేడు. అప్పుడు అందరం కలిసే ఆలోచించాం, చంద్రపూర్ ఊరి బయట ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో చేరాలని నేనే అన్నాను. నా బిడ్డను ఎవరూ ఒక్క మాట అనకూడదు, అందుకే ఇది విప్పి చెబుతున్నాను.

ఆశ్రమం చెడ్డది కాదు. కొట్టేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళు లేరు, మందులు వేళకు ఇస్తారు. కానీ పనిచేసే ఆడవాళ్ళు కొద్దిమంది, మంచాన పడ్డవాళ్ళం ఎక్కువమంది. అక్కడ పనిచేసే ఆమెను మరాఠీలో పిన్నమ్మా అన్నట్టు మౌషి అని పిలుస్తారు. మా వార్డు మౌషి పేరు మంగల, నా బిడ్డకన్నా కొంచెం పెద్దది, మంచి మనిషి, కానీ ఎప్పుడూ పరుగే. దువ్వే తీరిక లేక అందరికీ జుట్టు కురచగా కత్తిరించేశారు, నాకు కూడా. పప్పు, కూర, అన్నం ఒకే గిన్నెలో కలిపి మెత్తగా చేసి చెంచాతో పెట్టేవాళ్ళు, ఏది ఏ రుచో తెలిసేది కాదు. పక్కబట్టలు తడుస్తాయని మధ్యాహ్నం దాటితే నీళ్ళు తక్కువ ఇచ్చేవాళ్ళు. ఎవరూ చూడని టీవీ ఒకటి మోగుతుండేది. సహోదరులారా, నన్ను కడిగారు, తినిపించారు, తిప్పి పడుకోబెట్టారు, కానీ నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు! నేను మాట్లాడటం మానేశాను. ఎవరూ గమనించలేదు. ముసలిదానికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందనుకున్నారు.

తర్వాత తినడం కూడా మానేశాను. చెంచా దగ్గరికి వస్తే పళ్ళు బిగించేదాన్ని. సుగుణ నడుముకు బెల్టు కట్టుకుని బస్సులో వచ్చి నా పక్కన కూర్చుని, “గిట్ల జేస్తే ఎట్లనే అమ్మా? నా మొకం జూసన్న రెండు ముద్దలు తినవే” అని ఏడ్చేది. దాని ఏడుపు నా చెవికి వినబడేది కానీ గుండెకు చేరేది కాదు. అయ్యగారు వచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. ఆమేన్ అనడానికి కూడా నా నోరు రాలేదు.

ఎండాకాలం మొదలవుతుండగా ఒక పొద్దున నా మంచం పైన పంకా తిరుగుతూ తిరుగుతూ కమురు వాసన కొట్టి ఆగిపోయింది. చంద్రపూర్ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! బాగుచేసే మనిషి వెంటనే దొరకలేదు, మంగల మౌషి ఇంకొకామె సాయం పట్టి నా మంచాన్ని ఈడ్చుకుంటూ వార్డు చివరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక మంచం పక్కన ఎప్పుడూ ఖాళీ ఉండేది, ఎందుకంటే ఆ మంచం మీది శాంతాబాయి పక్కన పడుకోవడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు.

శాంతాబాయి గురించి చెప్పాలి. వరోరా వైపు మరాఠీ కుటుంబం, నాకన్నా పెద్దది, ఎండుకట్టెలా ఉండేది, మతిమరుపు జబ్బు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పేది కాదు, చెవుడనుకున్నారు. పగలంతా ఏదో గొణుగుతూ మూలుగుతూ ఉండేది, పళ్ళు లేక మాటలు నలిగిపోయి ఏదీ అర్థమయ్యేది కాదు, పిచ్చి ముదిరిందని డాక్టరు నిద్రమందు పెంచాడు. వార్డు ఆ చివర నుంచి నాకు ఆ మూలుగు మాత్రమే వినబడేది. ఇప్పుడు నన్ను తెచ్చి సరిగ్గా ఆమె పక్కన పెట్టారు! నేను మనసులో ప్రభువుతో దెబ్బలాడాను. “సావనియ్యవు, సుఖంగ పండనియ్యవు, ఏంది తండ్రీ గీ శిక్ష?” అన్నాను.

ఆ పొద్దే, కొంచెంసేపటికే, ఆమె నా వైపు ముఖం తిప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె పెదవులు నా ముఖానికి చెయ్యి చాపినంత దూరంలో ఉన్నాయి. పగిలి నెత్తురు చారలు కట్టిన పెదవులు.

“దూప... దూప... దూపైతుందే అవ్వా...”

సహోదరులారా, సహోదరీలారా! నా ఒళ్ళు జలదరించింది. దూప! దాహానికి మనం అనే మాట! మా అమ్మ పొలంలో కలుపు తీస్తూ తల ఎత్తి అనే మాట, నేను చిన్నప్పుడు కొంగు పట్టుకుని గుంజుతూ అడిగే మాట, ఆ మరాఠీ ముసలమ్మ నోట్లోంచి ఎట్లా వచ్చింది? నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. ఆమె మళ్ళీ అంది. అంతలో మంగల మౌషి వచ్చింది, ఎంతో ప్రేమగా, “థాంబా ఆజీ, ఆగు అమ్మమ్మా, ధూప్ ధూప్ అంటున్నావు కదా, తీసుకెళ్తా” అని మరాఠీలో చెబుతూ, ఆమెను కుర్చీలోకి ఎత్తబోయింది. హిందీలో ధూప్ అంటే ఎండ. ఎండ కావాలని అడుగుతోందనుకుని ఆ వెర్రితల్లి రోజూ ఆమెను వాకిట్లో ఎండలో కూర్చోబెడుతోంది! ఇంకో మౌషి ఏమో ఆమె అడిగేది దేవుడి ముందు వేసే ధూపం అనుకుని మంచం దగ్గర సాంబ్రాణి వెలిగించేదట! నీళ్ళకోసం అల్లాడే మనిషికి ఒకరు ఎండ ఇచ్చారు, ఒకరు పొగ ఇచ్చారు, ఇద్దరూ ప్రేమతోనే ఇచ్చారు.

నా నోరు తెరుచుకుంది. నేను తెరవలేదు, తెరుచుకుంది. “మౌషీ! తిలా పాణీ పాహిజే! పాణీ! ఆమెకు నీళ్ళు కావాలి, నీళ్ళు!” అని మరాఠీలోనూ తెలుగులోనూ కలిపి అరిచాను. మాట పడిపోయిందనుకున్న మనిషి అరిచేసరికి మంగల మౌషి కుర్చీ వదిలేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పరుగెత్తి గ్లాసు తెచ్చింది. ఆ తల్లి ఎట్లా తాగిందనుకున్నారు! గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, గొంతు గుటకలు వేస్తుంటే వార్డంతా వినబడింది. మౌషి ఇంకో గ్లాసు తెచ్చింది. తెస్తూ ఏడుస్తోంది.

నేను నా మంచం మీది నుంచే అన్నాను, “మెల్లగ తాగక్కా, గొంతుల పడ్తది.”

ఆమె గ్లాసు దించి నన్ను చూసింది. ఎన్నాళ్ళ నుంచో ఎవరినీ చూడని కళ్ళు నన్ను చూశాయి. “నువ్వు మనోళ్ళ పిల్లవా?” అంది.

“ఔ అక్కా, మనోళ్ళనే. నీ పేరేంది?”

“మల్లవ్వ.”

“మరి గీళ్ళంత నిన్ను శాంతాబాయి అంటున్నరు?”

“గది అత్తగారింట్ల వెట్టిన పేరు. మా అమ్మ వెట్టింది మల్లవ్వ.”

తర్వాత ఆమె కొడుకు చెబితే తెలిసింది, నది అవతల తెలుగు పల్లె నుంచి ఊహ తెలిసీ తెలియని వయసులో ఆమెను వరోరా దగ్గర మరాఠీ ఇంటికి కోడలిగా తెచ్చారట, పెళ్ళి పీటల మీదే ఆ ఇంటి ఆచారం ప్రకారం పేరు మార్చారట, అత్తగారు ఆ ఇంట్లో తెలుగు ముక్క పలకనివ్వలేదట. ఆమె మరాఠీలోనే కాపురం చేసింది, మరాఠీలోనే పిల్లల్ని కన్నది, ఆ పిల్లలకు తెలుగు ఒక్క ముక్క తెలియదు, అందరూ ఆమెను మరాఠీ మనిషే అనుకున్నారు. జబ్బు వచ్చి మతి తగ్గేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు చెరిగిపోయిందని, తల్లి దగ్గర నేర్చుకున్నది అడుగున మిగిలి ఉందని డాక్టరు చెప్పాడు. అంటే ఏమిటి! శాంతాబాయి అని పిలిస్తే ఆమె పలకకపోవడం చెవుడు కాదు, ఆ పేరు ఆమెకు గుర్తులేదు! నేను “మల్లవ్వా” అని పిలిస్తే చటుక్కున తిరిగి, “ఏందే?” అనేది. ఆ “ఏందే” విన్నప్పుడల్లా మంగల మౌషి చప్పట్లు కొట్టేది.

నేను ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాను. ఎందుకు తిన్నానో నాకే తెలియదు. మల్లవ్వ తన గిన్నెను చూసి, “గిదేం బువ్వనే, గిట్ల కలగలిపిండ్రు?” అని చీదరించుకుంటే నాకు నవ్వొచ్చింది, నవ్విన నోట్లో మౌషి చెంచా పెట్టేసింది! మర్నాటి నుంచి మా ఇద్దరికీ పప్పు వేరుగా, కూర వేరుగా వచ్చింది. ఆశ్రమంలో పెద్ద నర్సు రేఖా సిస్టర్ స్వయంగా వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, “ఆజీ, ఆమె ఇంకా ఏమేం అడుగుతోందో మాకు చెప్పు” అంది. అడిగింది, సహోదరులారా! నన్ను ఒక మాట అడిగింది! నేను చెప్పాను. మల్లవ్వ కాళ్ళు చల్లబడుతున్నాయంటోంది, దుప్పటి కప్పండి. కిటికీ మూయొద్దంటోంది. ఒంటికి పోసే నీళ్ళు కొంచెం వేడిగా ఉండాలంటోంది. అవన్నీ చిన్న చిన్న కోరికలు, ఎంత చిన్నవి! వాటి కోసమే ఆమె పగలంతా మొరపెడుతోంది, మేమందరం దాన్ని పిచ్చి అన్నాం. పెదవుల పగుళ్ళు మానాయి, ఎండలో పెట్టడం మానేసరికి ఒళ్ళు కాలడం తగ్గింది, డాక్టరు నిద్రమందు తగ్గించాడు. జబ్బు పోలేదు, మతిమరుపు అలాగే ఉంది, ఒక్కోరోజు నన్నే వాళ్ళమ్మ అనుకుంటుంది. కానీ ఆ మూలుగు ఆగిపోయింది.

ఇప్పుడు అసలు కార్యం వినండి. ఆమె కొడుకు ప్రకాశ్, బస్సు డిపోలో మెకానిక్, ప్రతి వారం గ్రీజు వదలని చేతులతో వచ్చి తల్లి పక్కన కూర్చునేవాడు. అతన్ని చూడగానే ఆమె అతని మణికట్టు పట్టుకుని గుంజుతూ గట్టిగా ఏదో అనేది, అతడు తల వంచుకుని కాసేపు కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. నేను పక్క మంచానికి వచ్చిన తర్వాతి ఆదివారం కూడా అలాగే జరిగింది. అతడు నా వైపు చూసి, మరాఠీలో, “ఏం చెయ్యను ఆజీ, ఇక్కడ పెట్టినందుకు మా అమ్మ నన్ను తిడుతోంది, వచ్చినప్పుడల్లా తిడుతుంది” అన్నాడు.

కానీ ఆమె అంటున్నది నేను విన్నాను. ఆమె అంటున్నది ఇదీ: “బువ్వ తిన్నవా బిడ్డా? ఎండల వడి అచ్చినవ్, మొకం జూడు ఎట్ల గుంజుకపోయిందో. జెరసేపు పండుకో, ఇగ గీడనే పండుకో.” మణికట్టు గుంజుతున్నది కొట్టడానికి కాదు, తన మంచం మీద చోటిచ్చి పడుకోబెట్టుకోవడానికి!

నేను ఒక్కొక్క మాటా మరాఠీలోకి మార్చి చెప్పాను. ఆ మనిషి, జుట్టు నెరిసిన మనిషి, నా నోటి వైపు చూస్తున్నాడు, తల్లి నోటి వైపు చూస్తున్నాడు. “తిట్టడం లేదా?” అన్నాడు. “ఎన్నడూ తిట్టలేదు నాయనా, నువ్వు వచ్చిన ప్రతిసారీ అన్నం తిన్నావా అనే అడిగింది” అన్నాను. అతడు చెప్పులు విప్పేసి, చిన్నపిల్లవాడిలా కాళ్ళు ముడుచుకుని, ఆ ఇరుకు మంచం మీద తల్లి పక్కన పడుకున్నాడు. ఆమె అతని నెత్తి నిమురుతూ కూనిరాగం తీసింది. వార్డులో ఎవరో టీవీ ఆపేశారు. మంగల మౌషి, రేఖా సిస్టర్, నడవగలిగిన ముసలమ్మలు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. నేను చాలా ఆరాధనల్లో కూర్చున్నాను, పెద్ద పెద్ద సభలు చూశాను, కానీ దేవుని సన్నిధి అంత దగ్గరగా, చెయ్యి చాపితే తగిలేటంత దగ్గరగా, నాకు ఎప్పుడూ తెలియలేదు. భయమేసింది, సహోదరులారా, మంచి భయం! మండే పొదలోంచి దేవుడు పిలిస్తే చెప్పులు విప్పిన మనిషికి కలిగిన భయంలాంటిది! నా గోడ పక్కన, నా కమురు వాసన పంకా కింద, ఆయన ఉన్నాడు. నాతో ఏం పని అని నేను అడుగుతుంటే, ఆయన నా కోసం పని సిద్ధం చేసి ఉంచాడు. వార్డులో అంతమంది ఉండగా ఆ ఒక్క పంకాయే ఎందుకు కాలింది? ఆ మాట తెలిసిన చెవి వార్డు మొత్తంలో నాదొక్కటే, దాన్ని తెచ్చి ఆ పెదవుల పక్కన పెట్టింది ఎవరు? ఈ రోజుకీ తలచుకుంటే నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

అప్పటినుంచి ఆశ్రమం మారింది. గొప్ప మార్పులేం కావు. ప్రతి మంచం దగ్గర చేతికందేటట్టు నీళ్ళ సీసా ఉంటోంది, పక్కబట్టలు తడిస్తే మారుస్తున్నారు. నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మంచం మంచానికీ తిప్పుతున్నారు, నేను అడుగుతాను, విన్నది సిస్టర్‌కు చెబుతాను. మగవాళ్ళ వార్డులో ఎప్పుడూ కోపంగా ఉండే ఒక పెద్దాయన ఉన్నాడు, ఏం కావాలి కాకా అని అడిగితే, కుర్చీని రోడ్డువైపు తిప్పమన్నాడు, అంతే! ఇప్పుడు లారీలను చూస్తూ మీసం దువ్వుకుంటూ కూర్చుంటాడు. నా జుట్టు మళ్ళీ పెరిగింది, చూడండి, మంగల మౌషి ఈ పొద్దు మీ కోసం జడ వేసింది.

నా ఎడమ చెయ్యి మాత్రం లేవలేదు. దాచను. అయ్యగారు ప్రార్థించారు, సుగుణ ఉపవాసముంది, చెయ్యి ఒళ్ళోనే ఉంది, కాలు ఇంకా మొద్దుబారే ఉంది. కానీ నేను విడుదల పొందాను! చావును అడుక్కున్న నోటిలోంచి చావు మాట తీసేసి పక్కవాళ్ళ మాట పెట్టాడు. దేవునికే మహిమ కలుగును గాక!

ఈ పొద్దున నేను బయలుదేరుతుంటే మల్లవ్వ చూసింది. “ఏడికి వోతున్నవే?” అంది. ప్రార్థనకు పోతున్నానని చెప్పాను. ఆమె అడిగింది, “మీ దేవునికి తెలుగు అస్తదా?”

“అస్తది అక్కా. అన్ని మాటలు అస్తయి. నోట్లెనే నలిగిపోయిన మాట గూడ ఎరుకైతది ఆయనకు” అన్నాను.

“అయితే నా పేరు జెప్పు” అంది. “శాంత అని జెప్పకు. మల్లవ్వ అని జెప్పు.”

ఇదిగో ప్రభువా, అందరి ముందూ చెబుతున్నాను, ఆమె పేరు మల్లవ్వ.

మీలో ఎవరైనా గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళుంటే, నాతో ఆయనకేం పని అనుకుంటున్నవాళ్ళుంటే, ఈ ముసలిదాన్ని చూడండి, ఇంకొక్కసారి ఆయన్ని నమ్మండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, ఆసుపత్రి మంచం మీదో ఎవరైనా అర్థంకాని మాట గొణుగుతుంటే వంగి వినండి, తొందరపడకండి, పెదవుల దగ్గరికి చెవి పెట్టండి. ఆశ్రమంలో ఇంకా చాలామంది ఉన్నారు, నాకు గోండీ రాదు, ఛత్తీస్‌గఢీ రాదు. వచ్చినవాళ్ళు మీలో ఉన్నారు. ఆరాధన అయ్యాక నా కుర్చీ దగ్గరికి రండి, సాయంత్రం అందరం కలిసి ఆశ్రమానికి వెళ్దాం. ఆమేన్.